చిన్న పిల్లలతో మొదటిసారి డిస్నీ వరల్డ్‌: ఎక్కడ ఇబ్బంది వస్తుంది, ఎందుకొస్తుంది, ఏం చేయాలి

అమెరికాలో ఉండే మన కుటుంబాల్లో పిల్లలకి మూడు నాలుగేళ్లు రాగానే డిస్నీ మాట మొదలవుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే వాళ్లకీ చూపించినట్టుంటుందని అందరూ కలిసి బయల్దేరతారు. ఈ వ్యాసం ఫ్లోరిడాలో ఆర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి, ఆరేళ్లలోపు పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం. అక్కడ పెద్ద పార్కులు నాలుగున్నాయి. 1971లో అన్నిటికంటే ముందు తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ చిన్నపిల్లలకి బాగా సరిపోతుంది కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే చెబుతున్నాను.

అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఇంత డబ్బు పోశాం, టికెట్ గిట్టుబాటు కావాలి అని పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా పెద్దవాళ్ల ఓపికని బట్టి రోజంతా ప్లాన్ చేసేస్తారు. పిల్లల ఎత్తు, నిద్ర, ఆకలి, ఈ మూడింటిని బట్టి ప్లాన్ చేస్తే సగం తలనొప్పులు అసలు మొదలే కావు.

సమస్య: పదింటికే వచ్చాం, అప్పటికే ఏ రైడ్ చూసినా గంట లైన్

మొదటి కారణం తేదీలు. సెలవు దొరికేది అప్పుడే కదా అని మనవాళ్లు థాంక్స్‌గివింగ్ వారమో, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ మధ్యలోనో వెళతారు. అమెరికా మొత్తానికీ అప్పుడే సెలవులు. పిల్లలు ఇంకా బడికి వెళ్లే వయసు కాకపోతే ఆ తేదీలకి కట్టుబడాల్సిన పనే లేదు. ఫ్లోరిడాలో ఆగస్టులోనే బళ్లు తెరుస్తారు కాబట్టి ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా జనం పలచగా ఉంటారు. అయితే ఎండ ఉంటుంది, తుఫాన్ల కాలం కూడా (జూన్ నుంచి నవంబరు దాకా), ఆ రెండూ తెలిసి వెళ్లాలి.

రెండో కారణం చాలామంది లెక్కలోకి తీసుకోనిది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కార్లో వెళితే గేటు దగ్గర దిగరు. కారు పార్క్ చేశాక ఫెర్రీలోనో మోనోరైల్లోనో సరస్సు దాటి వెళ్లాలి, బ్యాగుల చెకింగ్ వేరే. స్ట్రోలర్, పిల్లలు, పెద్దవాళ్లతో ఇదంతా అయ్యేసరికి ముప్పావు గంట ఇట్టే పోతుంది. పార్కు 9కి తెరుస్తారంటే మీరు 8కల్లా పార్కింగ్‌లో ఉండాలి. డిస్నీ సొంత హోటళ్లలో ఉంటున్నవాళ్లని అరగంట ముందే లోపలికి పంపిస్తారు, ఆ అరగంటలో చిన్నపిల్లల రైడ్లు రెండు మూడు అయిపోతాయి.

లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అని డబ్బు కట్టి లైన్ తప్పించుకునే ఏర్పాటు 2024 జూలై నుంచి నడుస్తోంది. డిస్నీ హోటల్లో ఉండేవాళ్లు 7 రోజుల ముందు, మిగతావాళ్లు 3 రోజుల ముందు డిస్నీ వాళ్ల యాప్‌లో బుక్ చేసుకోవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక్కరోజుకి ఇది కొనడం మంచిదని నా అభిప్రాయం, పీటర్ పాన్ లాంటి చిన్న రైడ్‌కి కూడా లైన్ విపరీతంగా ఉంటుంది మరి. మూడేళ్లలోపు పిల్లలకి పార్కు టికెట్టే అక్కర్లేదు, ఈ పాస్ కూడా అక్కర్లేదు, మీతోపాటు వచ్చేస్తారు. అంటే మూడో పుట్టినరోజుకి ముందు వెళ్లడానికీ తర్వాత వెళ్లడానికీ ఖర్చులో తేడా గట్టిగానే ఉంటుంది.

సమస్య: లైన్లో నిలబడ్డాక ఎత్తు చాలలేదన్నారు, పిల్లాడు ఒకటే ఏడుపు

వయసు చూసుకుని వెళ్లడం వల్ల వచ్చే చిక్కిది. అక్కడ చూసేది ఎత్తు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38 అంగుళాలు (97 సెం.మీ.), స్పేస్ మౌంటెన్‌కి 44 (112 సెం.మీ.), ట్రాన్‌కి 48 (122 సెం.మీ.) ఉండాలి. అర అంగుళం తక్కువైనా ఎక్కనివ్వరు. భద్రత కోసం పెట్టిన నియమం, బతిమాలి లాభం లేదు, పిల్లల ముందు వాదించడం అసలే వద్దు. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి, ఎక్కగలిగేవే పిల్లలకి ముందుగా చూపించండి. ఎక్కలేనివాటి వీడియోలు యూట్యూబ్‌లో చూపించి ఆశపెట్టకండి. డంబో, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, పీటర్ పాన్, ఎప్‌కాట్ పార్కులో ఫ్రోజెన్ పడవ రైడ్, యానిమల్ కింగ్‌డమ్ పార్కులో సఫారీ, వీటికి ఎత్తు నియమం లేదు, చంకలో పాపని కూడా తీసుకెళ్లొచ్చు.

మరి పెద్దవాళ్లకి ఎక్కాలనుంటే? రైడర్ స్విచ్ అని అడగండి. అమ్మ పిల్లల దగ్గర ఉంటే నాన్న వెళ్లొస్తాడు, తర్వాత మళ్లీ మామూలు లైన్లో నిలబడకుండానే అమ్మని పంపిస్తారు. దీనికి పైసా కట్టక్కర్లేదు. కాకపోతే లైన్లోకి వెళ్లకముందే, అందరూ కలిసి, గుమ్మం దగ్గరున్న ఉద్యోగిని అడగాలి.

సమస్య: మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్ల నేల మీద పడి దొర్లుతోంది, భార్యాభర్తలకి మాటామాటా వచ్చింది

ఎక్కువమంది చెప్పే సమస్య ఇదే, ఎక్కువగా తిట్లు తినేది పిల్లలే, పాపం వాళ్ల తప్పేమీ లేకపోయినా. ఒక్కసారి ఆ పిల్ల రోజుని చూడండి. అలవాటు లేని మంచం మీద రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆరింటికి లేపారు. కార్లోనే నోట్లో ఏదో కుక్కారు. అప్పటినుంచి ఎండ, రొద, ఎటు చూసినా జనాల కాళ్లు, రెండు నిమిషాల రైడ్ కోసం నలభై నిమిషాలు నిలబడడం. రోజూ ఒంటిగంటకి నిద్రపోయే పిల్ల రెండింటికీ మేలుకునే ఉంది. అప్పుడు బెలూన్ కొనివ్వలేదని ఏడుస్తుంది. ఆ ఏడుపు నిజానికి బెలూన్ కోసం కాదు, అలసట. బెలూన్ కొనిచ్చినా ఆగదు.

చేయాల్సింది ఒక్కటే, రోజుని రెండు ముక్కలు చేయడం. డిస్నీ హోటల్లో దిగితే ఒంటిగంటకి గదికి వెళ్లి, పిల్లలు నిద్రపోయి లేచాక అయిదింటికి మళ్లీ రావచ్చు. కానీ మనవాళ్లు ఎక్కువగా కిసిమీ, డావెన్‌పోర్ట్ ఊళ్ల వైపు వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకుంటారు, అక్కడినుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి రోజులో రెండుసార్లు తిరగడం కష్టం. అలాంటివాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, ఒకరోజు తెరిచే వేళకి వెళ్లి రెండింటికల్లా బయటపడండి, ఇంకోరోజు మధ్యాహ్నం నిద్ర అయ్యాకే బయల్దేరి రాత్రి బాణసంచా చూసి రండి. రోజులు పెరిగేకొద్దీ రోజుకి పడే టికెట్ ధర తగ్గుతుంది కాబట్టి ఇది అనుకున్నంత ఖర్చూ కాదు. మామూలు 3 రోజుల టికెట్‌ని 5 రోజుల్లోపు వాడుకోవచ్చు, అంటే మధ్యలో ఒకరోజు పార్కు మానేసి ఇంటి దగ్గర స్విమ్మింగ్ పూల్‌లో ఆడించవచ్చు. ఒకేరోజు రెండు పార్కులు తిరిగే హాపర్ టికెట్ మాత్రం చిన్నపిల్లలున్నవాళ్లు కొనకపోవడమే మంచిది, పార్కుల మధ్య తిరగడానికే గంట పోతుంది.

సగం రైడ్లు చూడకుండా వచ్చేశాం అనిపిస్తుంది, నిజమే. అయినా నాలుగేళ్ల పిల్లకి డంబో మూడుసార్లు ఎక్కడమే పండగ.

లోపలే ఉండిపోవాల్సి వస్తే ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే మెయిన్ స్ట్రీట్ (గేటు నుంచి సిండరెల్లా కోట వైపు వెళ్లే వీధి) చివర, క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కనే. చల్లగా, రొద లేకుండా ఉంటుంది. పాలివ్వడానికి వేరే గది, డయపర్ మార్చే బల్లలు, చిన్నపిల్లల కుర్చీలు, మైక్రోవేవ్ అన్నీ ఉంటాయి.

సమస్య: తిండి పడలేదు, పిల్లలు ఫ్రెంచ్ ఫ్రైస్ మీదే బతికారు

బయటి తిండి లోపలికి రానివ్వరేమో అనుకోవడమే దీనికి కారణం. డిస్నీలో రానిస్తారు! గాజు సీసాలు కుదరవు (పసిపిల్లల ఫుడ్ సీసాలకి మినహాయింపు ఉంది), విడిగా ఐస్ ముక్కలు తేకూడదు, గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవచ్చు, వేడి చేయక్కర్లేని తిండి అయి ఉండాలి, కూలర్ మరీ పెద్దది కాకూడదు. ఇంకేం కావాలి, పులిహోర, దద్దోజనం, చపాతీ చుట్టలు, కోసిన పండ్లు, అరటిపళ్లు. పొద్దున్నే పెరుగన్నం పాలు ఎక్కువ పోసి కాస్త జారుగా కలిపి, చిన్న స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టి, కిందా పైనా ఐస్ ప్యాక్‌లు పెడితే మధ్యాహ్నానికి చల్లగా సరిగ్గా ఉంటుంది. తాలింపులో మిరపకాయలు పిల్లల డబ్బాలో వేయకండి, అక్కడ ఏరుతూ కూర్చునే తీరిక ఉండదు. పెద్దవాళ్లకి ఆవకాయ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో సర్దేయొచ్చు.

మంచినీళ్లకి డాలర్లు పోయకండి. కూల్‌డ్రింకులు అమ్మే కౌంటర్లలో గ్లాసుడు చల్లటి నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు. కొనే తిండి యాప్‌లో ముందే ఆర్డర్ పెట్టుకోండి, పన్నెండు కొట్టకముందే తినేయండి. శాకాహారులకి మెనూలో ఆకు గుర్తు ఉన్నవి పూర్తిగా మొక్కల నుంచి చేసినవి. బీఫ్ తినని ఇల్లయితే ప్రతిచోటా అడిగి తీసుకోవడం మేలు. ఒకపూట కూర్చుని తినాలనుంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో సనా అని ఉంది, నాన్‌లు, రకరకాల చట్నీలు, రైతా ఇస్తారు, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. పార్కు టికెట్ అక్కర్లేదు, టేబుల్ మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

సమస్య: అర్జెంటే, కానీ బాత్రూమ్‌లోకి రానంటోంది

కొత్తగా డయపర్ మానిన పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. అక్కడి కమోడ్లకి సెన్సర్ ఉంటుంది, తేలికగా ఉండే పిల్ల కాస్త కదలగానే లేచిందనుకుని కిందనుంచి ధడాలున నీళ్లు వదులుతుంది. ఒక్కసారి అలా బెదిరితే రోజంతా బిగబట్టుకుంటారు. ఆఫీసులో వాడే రంగు కాగితాల స్టిక్కీ నోట్లు బ్యాగులో పెట్టుకుని, కూర్చోబెట్టే ముందు ఆ సెన్సర్ కన్ను మీద ఒకటి అంటించండి. పిల్ల లేచి బయటికొచ్చాక తీసేయండి. ఒక జత బట్టలు ఎలాగూ ఉండాలి.

సమస్య: మిక్కీని చూసి కెవ్వుమంది, చీకటి రైడ్‌లో గుండెలకి కరుచుకుపోయింది

టీవీలో జానెడుండే మిక్కీ ఎదురుగా మనిషంత ఉంటాడు, మాట్లాడడు. భయపడటంలో వింతేముంది? ఫోటో కోసం ముందుకి తొయ్యకండి, దూరం నుంచి చెయ్యి ఊపితే చాలు. సిండరెల్లా లాంటి రాకుమార్తెల ముఖానికి ముసుగు ఉండదు, మాట్లాడతారు కూడా, ముందు వాళ్ల దగ్గరికి తీసుకెళితే బెదురు తగ్గుతుంది. హాంటెడ్ మాన్షన్‌కి ఎత్తు నియమం లేదు కదా అని మూడేళ్లవాళ్లని తీసుకెళ్లకండి, అదంతా చీకటీ దెయ్యాలూ.

సమస్య: వాన, ఉరుములు, రైడ్లు ఆపేశారు

ఫ్లోరిడా ఎండాకాలంలో మధ్యాహ్నపు ఉరుముల వాన మామూలే. ఉరుములు దగ్గరైతే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. చాలామంది ఇంటిదారి పడతారు, మీరు ఆగండి, ఎక్కువసార్లు గంటలో తేలిపోతుంది, ఆ తర్వాత లైన్లు చిన్నవవుతాయి. వాన కోట్లు ఇంటినుంచే తీసుకెళ్లండి. పిల్లలకి ఇంకో జత చెప్పులు కూడా, తడి బూట్లతో పాదాలు ఒరుసుకుపోతాయి.

సమస్య: స్ట్రోలర్ పెట్టినచోట లేదు

పోలేదు. వరసలు సర్దడానికి అక్కడి ఉద్యోగులు జరుపుతుంటారు. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి హ్యాండిల్‌కి మెరిసే రంగు చున్నీయో రిబ్బనో కట్టండి, పాస్‌పోర్టులు, పర్సు అందులో వదలకండి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్లనీ, లాక్కెళ్లే వ్యాగన్లనీ లోపలికి రానివ్వరు. అయిదేళ్ల పిల్లాడు ఇంట్లో స్ట్రోలర్ మానేశాడని అక్కడ వద్దనుకోకండి, రోజుకి పది కిలోమీటర్ల నడక అక్కడ మామూలు.

సమస్య: నాన్నగారికి మోకాళ్లు పట్టేశాయి, చెప్పకుండా ఓర్చుకుంటున్నారు

ఊళ్లో రోజూ వాకింగ్ చేసే మనిషే అయినా కాంక్రీటు మీద ఎండలో నిలబడడం వేరు. వీల్‌చైర్ అంటే మన పెద్దవాళ్లకి నామోషీ, "నాకేమైందిరా, నేను నడవగలను" అంటారు. అడిగితే వద్దంటారు కాబట్టి గేటు దాటగానే మీరే అద్దెకి తీసేసుకోండి, ముందొచ్చినవాళ్లకే దొరుకుతాయి. అలసినప్పుడు కూర్చుంటారు, లేనప్పుడు బ్యాగులు పెట్టుకోవచ్చు. కూర్చుని చూసే ఏసీ ప్రదర్శనలు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫిల్‌హార్మ్యాజిక్, యానిమల్ కింగ్‌డమ్‌లో లయన్ కింగ్, ఇలాంటివి రోజులో రెండైనా పెట్టుకుంటే వాళ్లకీ ఆనందం. పిల్లల్ని రోజంతా వాళ్ల మీద వదిలేసి మీరు రైడ్లకి వెళ్లడం మాత్రం న్యాయం కాదు. మందులూ, ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలూ దగ్గరే ఉంచుకోండి.

సమస్య: పిల్లాడు కనిపించడం లేదు

ఆలస్యం చేయకుండా దగ్గర్లో పేరు బ్యాడ్జీ ఉన్న ఉద్యోగికి చెప్పండి. తప్పిపోయిన పిల్లల్ని బేబీ కేర్ సెంటర్‌కి చేరుస్తారు. పొద్దున బయల్దేరేముందు పిల్లలందరికీ ఫోటో తీయండి, ఆరోజు వేసుకున్న బట్టలు మీకు గుర్తుండవు. చేతికి బ్యాండ్ మీద మీ అమెరికా ఫోన్ నంబరు రాయండి. పిల్లలకి ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాకపోయినా "పేరు బ్యాడ్జీ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లు" అని బ్యాడ్జీని చూపించి మరీ నేర్పండి. అమ్మమ్మ తాతయ్యల ఫోన్లలో అమెరికా సిమ్ ఉందో లేదో ముందురోజే చూసుకోండి.

సమస్య: బాణసంచా అయ్యాక బయటికి రావడానికి గంటన్నర పట్టింది

అందరూ ఒక్కసారే మెయిన్ స్ట్రీట్ మీద పడతారు, ఫెర్రీకీ మోనోరైలుకీ ఒకటే తోపులాట. మార్గాలు రెండు. ఒకటి, బాణసంచా అయ్యాక అరగంటో ముప్పావు గంటో లోపలే ఆగడం, పిల్లలకి అప్పుడే నైట్ డ్రెస్ వేసి డయపర్ మార్చేస్తే కార్లో నిద్రపోయినవాళ్లని లేపకుండా పడుకోబెట్టొచ్చు. రెండోది, చూసేటప్పుడే కోటకి దగ్గరగా కాకుండా మెయిన్ స్ట్రీట్‌లో గేటువైపు చివర నిలబడి, చివరి పెద్ద టపాసులు మొదలవగానే కదలడం. శబ్దానికి బెదిరే పిల్లలుంటే రెండోదే ఎంచుకోండి, చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోండి. కారు ఏ వరసలో పెట్టారో పొద్దునే ఫోటో తీసుకుని ఉంచుకోండి.