పొట్ట తగ్గింది, యావ తగ్గలేదు

బరువు తగ్గడానికి చేయించుకున్న స్లీవ్ సర్జరీలో నా పొట్టలో దాదాపు 80 శాతం తీసేశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. అందుకే మొదటి ఆరు నెలలు తిండి గుర్తే రాలేదు. ఇక గెలిచేశాననుకున్నాను.

ఏడో నెలలో ఆఫీసు టెన్షన్ మొదలైంది, దాంతోపాటే రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తెరవడమూ. పొట్ట ఎక్కువ పట్టదు సరే, ఐస్‌క్రీమ్ కరిగి జారిపోతుంది కదా! నిలబడే, చెంచా చెంచాగా గంటసేపు తినేదాన్ని. డబ్బా అడుగు గీకుతున్న చప్పుడుకి నాకే సిగ్గేసేది.

డైటీషియన్‌కి మూడుసార్లు అబద్ధం చెప్పి, నాలుగోసారి ఉన్నదంతా కక్కేశాను. ఆవిడ తిట్టకుండా కౌన్సెలర్ దగ్గరికి పంపారు. అక్కడ నేర్చుకున్నది చిన్న పనే. ఫ్రిజ్ తెరిచే ముందు, ఆకలి కడుపులో ఉందా నోట్లో ఉందా అని కాగితం మీద రాయడం. సగం రోజులు రాసేలోపే యావ దిగిపోయేది. మిగతా రోజులు తినేశాను, అదీ రాశాను.

ఇప్పుడు ప్రతి పూటా ముందు ప్రోటీన్. తిన్నాక అరగంట దాకా నీళ్లు ముట్టను. ఈ యావ మందు మీదకి మళ్లే ప్రమాదం ఉందన్నారు, పార్టీల్లో గ్లాసు పట్టుకోను. ఐస్‌క్రీమ్ డబ్బా ఇంట్లోకి రావడం లేదు. మరీ తినాలనిపిస్తే బయటికెళ్లి ఒక్క చిన్న కప్పు, అదీ కూర్చుని.