చీపురు పుల్లలతో అణువు ఆకారం కనిపెట్టడం ఎలా?

నీటి అణువులో బంధకోణం (మధ్య పరమాణువు దగ్గర రెండు బంధాల మధ్య కోణం) ఎంతని అడిగితే శ్రీకాకుళంలో మా ట్యూషన్ పిల్లలు నిద్రలో లేపినా 104.5 డిగ్రీలని చెప్పేస్తారు. అంతే ఎందుకు, 109.5 ఎందుకు కాదంటే మాత్రం నేలచూపులు చూస్తారు. బట్టీ పట్టిన అంకె అక్కడే ఆగిపోతుంది. చేత్తో ఒక్కసారి కట్టి చూస్తే ఆ గొడవ ఉండదు.

కావలసినవి: కొబ్బరి చీపురు పుల్లలు (ఉద్దానం వాళ్లకి వీటికి కొదవా!), రాత్రంతా నానిన శనగలు, రెండు గింజలున్న వేరుశనగ కాయలు, కాస్త బంకమట్టి, స్కేలు.

1. ముందు అది అణువేనా చూడండి. నౌపడ మడుల్లో పండే ఉప్పునే తీసుకోండి. సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. స్ఫటికంలో ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు చేరతాయి. వాటిలో ఈ రెండే జంట అని విడదీసి చూపడానికి ఏమీ లేదు, కాబట్టి ఇక్కడ మన పుల్లలతో పనిలేదు. ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ పదార్థాలకే ఈ పద్ధతి.

2. వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే పరమాణువు బయటి కక్ష్యలో ఉండేవి, లెక్కపెట్టండి. అమ్మోనియాలో నైట్రోజన్‌వి 5, మూడు హైడ్రోజన్లవి 3. మొత్తం 8, అంటే 4 జంటలు.

3. ఒక్కో ఎలక్ట్రాన్‌కి ఒక్కో చుక్క పెట్టి చుక్కల బొమ్మ గీయండి. 1916లో రసాయన శాస్త్రవేత్త లూయిస్ చూపిన దారి ఇది. హైడ్రోజన్‌ని ఎప్పుడూ మధ్యలో పెట్టకండి, దానికి ఒక్క బంధమే. అమ్మోనియాలో మూడు జంటలు బంధాలకు పోతాయి, నైట్రోజన్ మీద ఒకటి ఒంటరిగా మిగులుతుంది. నీటిలోనైతే ఒంటరి జంటలు రెండు.

4. దిక్కులు లెక్కపెట్టండి. మధ్య పరమాణువు చుట్టూ ఒక్కో బంధానికీ, ఒక్కో ఒంటరి జంటకీ ఒక దిక్కు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కార్బన్ డయాక్సైడ్‌లో ద్విబంధాలు రెండు ఉన్నాయి కదాని నాలుగు దిక్కులు వేసేస్తారు. ద్విబంధమైనా ఒక్క దిక్కే. రెండు దిక్కులు వీలైనంత దూరం జరిగితే 180 డిగ్రీలు, తిన్నని గీత. మూడైతే 120. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌ది ఇదే ఆకారం. అందులో బోరాన్ చుట్టూ ఆరే ఎలక్ట్రాన్లు ఉంటాయి, అష్టకం (చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లు) నిండలేదని కంగారుపడకండి.

5. ఇక కట్టండి. మీథేన్‌తో మొదలుపెట్టండి. మట్టి ఉండ మధ్యనున్న కార్బన్, శనగలు హైడ్రోజన్లు అనుకోండి. మట్టి ఉండకి నాలుగు పుల్లలు గుచ్చి, కొసలకి శనగలు పెట్టండి. ఉండ నడిమి నుంచి శనగ నడిమికి సరిగ్గా 6 సెంటీమీటర్లు ఉండాలి. ఏ రెండు శనగల మధ్య కొలిచినా దాదాపు 9.8 సెంటీమీటర్లు వస్తే కోణం 109.5 కుదిరినట్టే. ఏ మూడు కాళ్ల మీద నిలబెట్టినా బొమ్మ ఒకేలా కనబడాలి. ఇదే చతుర్ముఖి. కాగితం మీద ప్లస్ గుర్తులా గీసి 90 డిగ్రీలనుకునే వాళ్లకి ఇక్కడే కళ్లు తెరుచుకుంటాయి.

ఇప్పుడు అమ్మోనియా కోసం ఒక పుల్ల పీకి, ఆ చోట ఒంటరి జంటకి గుర్తుగా వేరుశనగ కాయని మట్టిలోకి నొక్కండి. కాయలో రెండు గింజలు, జంటలో రెండు ఎలక్ట్రాన్లు. బంధ జంటని రెండు కేంద్రకాలు చెరోవైపు లాగుతాయి కాబట్టి సన్నగా సాగుతుంది. ఒంటరి జంటని లాగేది ఒక్కటే, అందుకే అది మధ్య పరమాణువు దగ్గరే లావుగా పరుచుకుని పక్కవాటిని నెడుతుంది. దాంతో అమ్మోనియాలో కోణం 107కి తగ్గుతుంది, మీరు శనగల మధ్య దూరాన్ని 9.6కి తేవాలి. నీటికి ఇంకో పుల్ల పీకి రెండో కాయ కూడా పెట్టి 9.5కి నొక్కండి. అంతా మిల్లీమీటర్ల తేడానే! రసాయన శాస్త్రవేత్తలు గిలెస్పీ, నైహోమ్‌లు 1957లో తీర్చిదిద్దిన జంటల వికర్షణ సిద్ధాంతం సారం ఈ నెట్టుడే.

6. పేరు పెట్టేటప్పుడు కాయలు వదిలేయండి. ఆకారం పేరు పరమాణువులను బట్టే. అమ్మోనియా పిరమిడ్, నీరు వి ఆకారం.

కొలతలు అప్పటికప్పుడే రాసుకోండి. మర్నాటికి శనగలు ఎండి పుల్లని గట్టిగా పట్టేస్తాయి గానీ, మట్టి ఉండ మాత్రం పగులుతుంది.