బోరు మోటారు కంట్రోలరుతో డీబగ్గింగ్, 7వ పాఠం: ఒకే బైటును ఎన్ని తీరుల చదవాలి

గత పాఠంలో బ్రేక్‌పాయింటు పెట్టి, కంట్రోలరు ప్రోగ్రామును మనం కోరిన వరుస దగ్గర ఆపడం నేర్చుకున్నాం. ఆగిన చోట వేరియబుల్ విలువను అడిగినప్పుడు డీబగ్గర్ చూపే అంకె కొన్నిసార్లు మనకు పొంతన లేనిదిగా కనిపిస్తుంది. ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా, ఆ విలువను ఏ సంఖ్యామానంలో, ఏ రకంగా చదవాలో తెలియక సెన్సరును మార్చినవారు, వైర్లు ఊడబీకినవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. అందుచేత ఈ పాఠమంతా ఆ చదివే పని గురించే.

మన బోర్డులో ఉన్నది ఆర్మ్ కోర్టెక్స్-ఎం చిప్పు, వాడుతున్నది జీడీబీ అనే డీబగ్గర్. ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. 'పీ/ఎక్స్' అని రాసిన చోట కీబోర్డు మీద ఆయా ఆంగ్ల అక్షరాలనే కొట్టాలి. 'పీ' అనేది ప్రింట్ ఆదేశానికి పొట్టిపేరు. స్లాష్ తర్వాతి అక్షరం విలువను ఏ రూపంలో చూపాలో చెబుతుంది: ఎక్స్ అంటే హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే మానం), డీ అంటే ధన రుణ గుర్తుతో కూడిన దశాంశమానం, యూ అంటే ఆ గుర్తు లేని దశాంశమానం, టీ అంటే బైనరీ (రెండు ఆధారంగా లెక్కించే మానం). బైనరీకి బీ అక్షరం ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. మెమరీని చూపే 'ఎక్స్' ఆదేశంలో బీ అంటే బైటు కాబట్టి, ఇక్కడ రెండు అనే అర్థం వచ్చే ఆంగ్ల పదంలోని టీని తీసుకున్నారు.

బైనరీ అంటే జంకేవారు ఇంట్లో గింజలు కొలిచే పాత్రలను ఒకసారి తలచుకోవాలి. ఊరూరికీ కొలతల్లో కొంత తేడా ఉన్నా, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అన్న లెక్క పెద్దలందరికీ తెలుసు. 13 సోలల బియ్యాన్ని వీలైనంత పెద్ద పాత్రలతో కొలిస్తే ఒక అడ్డ, ఒక మానిక, ఒక సోల అవుతాయి. తవ్వ ఖాళీగా ఉంటుంది. నిండిన పాత్రకు 1, ఖాళీ పాత్రకు 0 రాస్తే అదే 1101. ఈ ఒక్కో స్థానమే బిట్టు, ఎనిమిది బిట్లు ఒక బైటు. నాలుగు పాత్రలూ నిండితే 15 సోలలు, ఇంకొక్క సోల పోస్తే కుంచం నిండి చిన్న పాత్రలన్నీ ఖాళీ అవుతాయి. హెక్స్‌లో ఒక్కో స్థానం ఈ నాలుగు పాత్రల గుంపుకు సరిపోతుంది, కాబట్టి హెక్స్ 10 అంటే నిండు కుంచం, అంటే 16 అని ఇక బట్టీ పట్టనక్కరలేదు.

ఇప్పుడు కంట్రోలరు దగ్గరకు వద్దాం. స్టార్టరు డబ్బా నుంచి వచ్చే సమాచారాన్ని 'స్టేటస్' అనే ఎనిమిది బిట్ల వేరియబుల్‌లో దాచుతున్నాం. కుడి నుంచి లెక్కిస్తే మొదటి మూడు బిట్లు ఆర్, వై, బీ ఫేజులు ఉన్నాయో లేదో చెబుతాయి. ఆ తర్వాతవి వరుసగా ఓవర్‌లోడు, డ్రై రన్ (నీళ్లు లేకుండా నడవడం), మోటారు నడుస్తున్నదా అన్నవి. చివరి రెండు బిట్లు వాడలేదు. 'పీ స్టేటస్' అంటే డీబగ్గర్ 35 అని చూపి, పక్కనే ఉల్లేఖన చిహ్నాల మధ్య ఒక హ్యాష్ గుర్తును కూడా పెడుతుంది. ఎనిమిది బిట్ల వేరియబుల్‌ను జీడీబీ అక్షరంగా కూడా భావిస్తుంది. అక్షరాలకు అంకెలు కేటాయించే ఆస్కీ పట్టికలో 35 అంటే హ్యాష్. ఆ గుర్తును పట్టించుకోవద్దు. 'పీ/టీ స్టేటస్' అనండి. 100011 వస్తుంది.

మోటారు బిట్టు ఒకటి, ఆర్ ఒకటి, వై ఒకటి, బీ సున్నా. అంటే ఒక ఫేజు పోయినా మోటారు ఇంకా తిరుగుతోంది. త్రీ ఫేజ్ మోటారును ఆ స్థితిలో వదిలేస్తే మిగిలిన వైండింగులు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతాయని, బోరు ఉన్న ఏ రైతునడిగినా చెబుతాడు. 35 అన్న అంకెలో ఈ ప్రమాదం కనిపించదు, బైనరీలో ఒక్క చూపుకే కనిపిస్తుంది. అయితే 'టీ' రూపం ఎడమ వైపు సున్నాలను వదిలేసి చూపుతుందని గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ కుడి చివర నుంచే లెక్కించాలి, ఎడమ నుంచి లెక్కించి తప్పు బిట్టును తిట్టుకోవద్దు.

నన్ను ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టింది మాత్రం 'లెవెల్' అనే వేరియబుల్. ట్యాంకులో గీసిన గుర్తుకు నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు పైన ఉన్నాయో, కింద ఉన్నాయో అందులో ఉంటుంది. గుర్తు కన్నా పది సెంటీమీటర్లు తగ్గిన వేళ 'పీ లెవెల్' 65526 అని చూపింది. నల్లగొండలో అంత లోతు ట్యాంకు ఎవరూ కట్టలేదు గనుక సెన్సరు పాడైందనుకొని దాన్ని విప్పాను. తప్పు నాదే: ఆ వేరియబుల్‌ను ధన రుణ గుర్తు లేని పదహారు బిట్ల రకంగా ప్రకటించాను. 'పీ/ఎక్స్ లెవెల్' అంటే ఎఫ్ఎఫ్ఎఫ్6 వచ్చింది (హెక్స్‌లో 10 నుంచి 15 వరకు అంకెలకు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వాడతారు), 'పీ/డీ లెవెల్' అంటే -10 వచ్చింది. పదహారు బిట్లలో రుణ సంఖ్యను 65536 నుంచి తీసివేసి దాచుతారు. 65536 లో 10 పోతే 65526. హెక్స్‌లో ఎడమన ఎఫ్‌లు వరుసగా కనిపిస్తే, అది చిన్న రుణ సంఖ్య కావచ్చునని ముందుగా అనుమానించడం మంచి అలవాటు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అదే విలువను ముప్పై రెండు బిట్ల వేరియబుల్‌లోకి ఎత్తి పెట్టి ఉంటే 'పీ/డీ' కూడా 65526 అనే చూపుతుంది, ఎందుకంటే రుణ గుర్తును తెలిపే బిట్టు ఇప్పుడు అన్నిటికన్నా ఎడమన లేదు. అప్పుడు పేరుకు ముందు కుండలీకరణాల్లో షార్ట్ అనే రకాన్ని రాసి 'పీ' అడగాలి. డీబగ్గర్ కింది పదహారు బిట్లను మాత్రమే తీసుకొని -10 చూపుతుంది.

గడియారం చిప్పు డీఎస్ 3231 సంగతి వేరు. మోటారును మొదలుపెట్టే వేళ కోసం దాని నిమిషాల రిజిస్టరును చదివి 'మినిట్'లో పెట్టాం. గోడ గడియారంలో 45 నిమిషాలైనప్పుడు డీబగ్గర్ 69 అంటుంది. గంటకు అరవై నిమిషాలే అన్న సంగతి ఈ చిప్పుకూ తెలుసు. అది పదుల అంకెను పై నాలుగు బిట్లలో, ఒకట్ల అంకెను కింది నాలుగు బిట్లలో విడివిడిగా దాచే బీసీడీ పద్ధతిని పాటిస్తుంది. కుంచాల లెక్కలో నాలుగు కుంచాల ఐదు సోలలు 69 సోలలే కదా. 'పీ/ఎక్స్ మినిట్' అంటే 45 నేరుగా కంటికి కనిపిస్తుంది. ఇటువంటి చోట ప్రోగ్రాములో పై అంకెను పదితో గుణించి కింది అంకెను కలిపే వరకు ఆ విలువతో ఏ పోలికా చేయకూడదు.

దశాంశ భిన్నాలకు వద్దాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఫ్లోరైడు బాధ ఉన్న మర్రిగూడ వైపు పుట్టినవారికి ఈ అంకెలు పాఠ్యపుస్తకంలోవి కావు. మన కంట్రోలరుకు ఫ్లోరైడు మీటరు సీరియల్ లైను ద్వారా పంపే నాలుగు బైట్లను 'రా' అనే ముప్పై రెండు బిట్ల పూర్ణాంక వేరియబుల్‌లో పెడుతున్నాం. నీటిలో సరిగ్గా 1.5 ఉన్నప్పుడు 'పీ రా' 1069547520 అని చూపుతుంది. హెక్స్‌లో అది 3ఎఫ్‌సీ00000. ఇది దశాంశ భిన్నాలను బిట్లలో దాచే ఐఈఈఈ 754 పద్ధతిలో 1.5 కు ఉండే బిట్ల వరుస. 'ఎక్స్/ఎఫ్‌డబ్ల్యూ' అని రాసి వేరియబుల్ చిరునామాను, అంటే పేరు ముందు ఆంపర్సాండ్ గుర్తు పెట్టి ఇస్తే, డీబగ్గర్ ఆ నాలుగు బైట్లనే ఫ్లోటుగా, అంటే దశాంశ భిన్నంగా చదివి 1.5 అంటుంది. పేరు ముందు కుండలీకరణాల్లో ఫ్లోట్ అని రాసి 'పీ' అడిగితే మాత్రం వంద కోట్లకు పైబడిన ఆ పూర్ణాంకాన్నే ఫ్లోటుగా మార్చి చూపుతుంది. మొదటిది బిట్లను కదపకుండా మరో రకంగా చదవడం, రెండోది విలువను మరో రకంలోకి మార్చడం. ఈ తేడా దగ్గర తడబడనివారిని నేను ఇంతవరకు చూడలేదు.

'ఎక్స్/4ఎక్స్‌బీ' అని అదే చిరునామాను బైటు బైటుగా చూస్తే 00, 00, సీ0, 3ఎఫ్ అన్న వరుస వస్తుంది. మన చిప్పు చిన్న చివరను, అంటే తక్కువ విలువ గల బైటును ముందు దాచుతుంది కాబట్టి వరుస తిరగబడినట్లు కనిపించడం సహజమే. మీటరు పెద్ద చివరను ముందు పంపుతూ ఉండగా మనం వచ్చిన బైట్లను వచ్చినట్లే మెమరీలో పెడితే వరుస 3ఎఫ్, సీ0, 00, 00 అవుతుంది, ఫ్లోటుగా చదివితే దాదాపు సున్నా వస్తుంది. ఫ్లోరైడు లేదని సంబరపడే ముందు బైట్ల వరుసను చూడండి.

తెలుగు అక్షరాల సంగతి కూడా ఒక మాటలో చెబుతాను. 'ఊరు' అనే శ్రేణిలో నల్లగొండ అని యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో రాస్తే, అందులోని ఎనిమిది సంకేతాలు ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు తీసుకుంటాయి, ముగింపు సున్నాతో 25. 'పీ/ఎక్స్ ఊరు' అంటే ఈ0, బీ0, ఏ8 అని 'న' మొదలవుతుంది. పదహారు అక్షరాల శ్రేణి చాలునని ప్రకటించినవారి మెమరీలో పక్క వేరియబుల్ ఎందుకు చెడిందో ఇక ఊహించవచ్చు.

ఎస్‌టీఎం32 క్యూబ్ ఐడీఈ సాఫ్ట్‌వేరు వాడేవారు వేరియబుల్ మీద కుడి క్లిక్ చేసి నంబర్ ఫార్మాట్‌లో కావలసింది ఎంచుకోవచ్చు. కైల్‌లో వాచ్ కిటికీలో హెక్సాడెసిమల్ డిస్‌ప్లే అన్నది ఉంటుంది. జీడీబీలో 'సెట్ అవుట్‌పుట్-రాడిక్స్ 16' అంటే అన్ని పూర్ణాంకాలూ హెక్స్‌లోకి మారుతాయి, కానీ నేను దానిని వాడను, నీటిమట్టాన్ని హెక్స్‌లో చదివి ఎవరికీ లాభం లేదు. ఇన్‌పుట్-రాడిక్స్ (మనం కొట్టే అంకెలను ఏ సంఖ్యామానంలో చదవాలో చెప్పేది) జోలికి అసలే పోవద్దు: దానిని ఒకసారి 16 చేశాక మళ్లీ 10 అని ఇస్తే, ఆ 10 ని కూడా హెక్స్‌గానే చదివి పదహారులోనే ఉండిపోతుంది.

అభ్యాసం: బోరు నడుస్తుండగా ప్రోగ్రామును ఆపి 'పీ స్టేటస్' అంటే 55 అని, పక్కన ఉల్లేఖన చిహ్నాల మధ్య 7 అని వచ్చింది. ఆ 7 ఎక్కడిదో ముందు చెప్పండి. తర్వాత బైనరీలో చూసి, మూడు ఫేజులూ ఉండి డ్రై రన్ బిట్టు వెలిగినా మోటారు బిట్టు ఇంకా ఎందుకు ఆరలేదో, దానిని ఆర్పవలసిన వరుస ప్రోగ్రాములో ఎక్కడుందో వెదికి పెట్టుకోండి. ఆ బిట్టును ఎవరు, ఎప్పుడు మారుస్తున్నారో వాచ్‌పాయింటుతో పట్టుకోవడం 8వ పాఠంలో చేద్దాం.