ఉబుంటు అప్‌గ్రేడ్‌కి ముందు: ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో ఉబుంటు కొత్త ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు అందే వెర్షన్) వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత నల్ల స్క్రీన్ చూసి టెన్షన్ పడేకంటే ముందే ఇవి చూసుకోండి.

– మీ కార్డు ఏ డ్రైవర్ సిరీస్‌తో పనిచేస్తుందో ముందు తేల్చుకోండి. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే. ఫెర్మీ తరం (జీటీఎక్స్ 400, 500 లాంటి పాత) కార్డులకు చివరిది 390 సిరీస్. దానికి ఎన్విడియా మద్దతు 2022తోనే ఆగిపోయింది. కొత్త కెర్నల్‌తో (సిస్టమ్ మూలభాగంతో) ఆ పాత డ్రైవర్ కుదరకపోతే మిగిలేది ఓపెన్‌సోర్స్ నూవో డ్రైవరే. డెస్క్‌టాప్ వస్తుంది కానీ గేమ్స్, వీడియో ఎడిటింగ్ కష్టం. అలాంటి కార్డైతే అప్‌గ్రేడ్ ఆపడమే మేలని నా అభిప్రాయం.

– ఎన్విడియా సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్ వాడి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఉబుంటు ప్యాకేజీలతో కలిస్తే గొడవే. ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’లో చూపించేదే వేసుకోండి.

– సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లో అడ్డుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? డ్రైవర్ వేసేటప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టమని అడిగితే, పెట్టినదాన్ని రాసిపెట్టుకోండి. రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ‘ఎన్‌రోల్ మోక్’ (Enroll MOK, డ్రైవర్ సంతకం కీని నమోదు చేసే ఆప్షన్) ఎంచుకుని అదే ఇవ్వాలి. దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

– పాత కెర్నల్ ఒకటి ఉంచుకోండి. గ్రబ్ మెనూ (బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్ కావాలో ఎంచుకునే మెనూ) నుంచి దాంతో బూట్ చేయొచ్చు.

– స్క్రీన్ రాకపోతే గ్రబ్‌లో ‘ఈ’ (e) కీ నొక్కి, ‘లైనక్స్’ (linux) అని మొదలయ్యే లైను చివర ‘నోమోడ్‌సెట్’ (nomodeset) చేర్చండి. ఇది ఆ ఒక్క బూట్‌కే. లోపలికి వెళ్లాక డ్రైవర్ సరిచేసుకోవాలి.

ఏఎమ్‌డీ, ఇంటెల్ వాళ్లకు డ్రైవర్ కెర్నల్‌లో, మెసాలో (ఓపెన్‌సోర్స్ గ్రాఫిక్స్ లైబ్రరీలో) ఉంటుంది. విడిగా ఏదీ వేయక్కర్లేదు.