ఈసీజీ పట్టీలో హార్ట్ బ్లాక్‌ను గుర్తుపట్టడం ఎలా?

ఈసీజీ తీయించుకోవడానికి ఇప్పుడు హైదరాబాద్ దాకా వెళ్లనక్కర లేదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో తీసిన గళ్ల కాగితం చేతికి వస్తుంది. దాని పైన యంత్రం ఇంగ్లిషులో కొట్టిన రెండు ముక్కలు చదివి చాలామంది ఊరుకుంటారు. హార్ట్ బ్లాక్ విషయంలో ఆ రెండు ముక్కలను నమ్ముకోవడం మంచిది కాదు. ఇక్కడ చెబుతున్నది స్టెంట్ వేసే రక్తనాళపు బ్లాకుల గురించి కాదు, గుండె లోపల కరెంటు నడిచే దారిలో వచ్చే అడ్డంకి గురించి. నర్సింగ్ విద్యార్థులకు, ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి, ఇంట్లోవారి ఈసీజీలో ఏముందో తెలుసుకోవాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. చికిత్స నిర్ణయం మాత్రం డాక్టరుదే.

ముందు గళ్లు చూడండి

కాగితం అంచున వేగం సెకనుకు 25 మి.మీ. అని ఉండాలి. ఆ వేగంలో చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గళ్ల పెద్ద గడి 0.20 సెకను. మన ఎండాకాలంలో చెమటకు ఎలక్ట్రోడ్లు జారి గీత వణుకుతుంది. అలాంటి కాగితంతో కుస్తీ పట్టకుండా చర్మం తుడిచి మళ్లీ తీయించండి. లీడ్ అంటే గుండె కరెంటును ఒక్కో కోణం నుంచి చూపే గీత. అడుగున పొడవుగా సాగే రెండో లీడ్ గీత మనకు ముఖ్యం.

గుండె కొట్టుకోవాలన్న సంకేతం పై గదుల్లో, అంటే కర్ణికల్లో, పుడుతుంది. చెరువుకు తూములాంటి ఏవీ నోడ్ దాన్ని కాస్త ఆపి కింది గదులైన జఠరికలకు వదులుతుంది. కర్ణికల పని కాగితం మీద చిన్న గుండ్రటి మిట్టగా కనిపిస్తుంది. అది పీ. జఠరికలది నిటారు మొన, అది క్యూఆర్‌ఎస్. పీ మొదలైన చోటి నుంచి క్యూఆర్‌ఎస్ మొదలయ్యే చోటికి ఉన్న ఎడం పీఆర్. అది మామూలుగా మూడు నుంచి అయిదు చిన్న గళ్లు ఉంటుంది.

పీలను వెతకండి

అందరి కళ్లూ ఎత్తయిన మొనల మీదకే పోతాయి. హార్ట్ బ్లాక్ దొరికేది పీల దగ్గర. ఒక తెల్లకాగితం అంచును గీత కింద పెట్టి, వరుసగా ఉన్న రెండు పీల దగ్గర పెన్సిలుతో గుర్తులు పెట్టండి. అదే ఎడంతో కాగితాన్ని ముందుకు జరుపుతూ పోతే ప్రతి పీ ఎక్కడ ఉండాలో తెలుస్తుంది.

ఒక పట్టీ అనుకుందాం. మొనకూ మొనకూ మధ్య ఏడు పెద్ద గళ్లు. 300ను ఏడుతో భాగిస్తే నిమిషానికి సుమారు 43. యంత్రం ‘సైనస్ బ్రాడీకార్డియా’ అని కొట్టింది, అంటే గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, అంతే. కానీ రెండు పీలకు సరిగ్గా మధ్యలో, మూడున్నర గళ్ల దగ్గర కాగితం అంచు పెడితే టీ తరంగం (మొన తర్వాత వచ్చే మిట్ట) దిగే వాలు మీద చిన్న బొడిపె ఉంది. మిగతా టీలన్నింటి మీదా అదే చోట అదే బొడిపె. అది దాక్కున్న పీ. కర్ణికలు 86 సార్లు కొట్టుకుంటుంటే రెండింటిలో ఒకటే కిందికి దిగుతోంది. పేరుకు బ్రాడీకార్డియా, నిజానికి రెండుకు ఒకటి బ్లాక్.

ఇప్పుడు ప్రతి పీ వెనక క్యూఆర్‌ఎస్ వచ్చిందా అని చూసుకుంటూ పోండి. అన్నింటి వెనకా వచ్చి, పీఆర్ మాత్రం అయిదు చిన్న గళ్లు దాటితే మొదటి డిగ్రీ. దీనికి చాలామందిలో చికిత్స అవసరం ఉండదు.

కొన్ని పీల వెనక క్యూఆర్‌ఎస్ రాకపోతే రెండో డిగ్రీ. పీఆర్ కొట్టు కొట్టుకూ సాగుతూ పోయి ఒక మొన తప్పిపోయి, తర్వాత పీఆర్ మళ్లీ పొట్టిగా మొదలైతే అది వెంకెబాక్ రకం. ఈసీజీ వాడుకలోకి రాకముందే, 1899లో, వెంకెబాక్ అనే డచ్ వైద్యుడు నాడి గీతల్లోనే దీన్ని పట్టుకున్నాడు. నిద్రలోనూ, బాగా వ్యాయామం చేసేవారిలోనూ ఇది కనిపించవచ్చు. పీఆర్ కొంచెం కూడా మారకుండా ఉన్నట్టుండి మొన మాయమైతే మోబిట్జ్ రెండో రకం. భయపడాల్సింది దీనికే. అడ్డంకి సాధారణంగా ఏవీ నోడ్‌కు దిగువన ఉంటుంది, మొనలు తరచు వెడల్పుగా ఉంటాయి, హెచ్చరిక లేకుండా పూర్తి బ్లాక్‌గా మారవచ్చు. మన ఉదాహరణలోలాగా రెండుకు ఒకటి దిగుతుంటే మాత్రం పోల్చడానికి వరుసగా రెండు పీఆర్‌లు ఉండవు. కాబట్టి ఆ ముక్కతో రకం తేల్చవద్దు, పొడవైన పట్టీ తీయించాలి.

మూడో డిగ్రీలో పీలు తమ లెక్కన, మొనలు తమ లెక్కన నడుస్తాయి. పీఆర్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అయినా మొనల మధ్య ఎడం మారదు. పీల సంఖ్య మొనలకంటే ఎక్కువగా ఉండాలి. మొనలే ఎక్కువగా ఉంటే అది వేరే సంగతి. మొనలు సన్నగా ఉంటే వేగం నిమిషానికి 40–60, వెడల్పుగా ఉంటే 20–40 దాకా పడిపోవచ్చు.

మోసపోయే చోటు

మధ్యలో మొన తప్పిన ప్రతిసారీ బ్లాక్ అనుకోవద్దు. పీ తన సమయానికి ముందే వచ్చేసి కిందికి దిగలేకపోతే కూడా అచ్చం ఇలాగే ఖాళీ కనిపిస్తుంది. ఇలాంటి ఖాళీలకు ఎక్కువగా కారణం అదే. బ్లాక్‌లో పీ తన సమయానికే వస్తుంది. పెన్సిలు గుర్తులు పెట్టించింది ఇందుకే.

పూర్తి బ్లాక్, మోబిట్జ్ రెండో రకం అనిపించినా, నెమ్మది గుండెతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా 108కు ఫోన్ చేసి, తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టగల ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ గీత (మొన ముగిసిన చోటి నుంచి టీ దాకా ఉండే ముక్క) పైకి లేచి ఉంటే గుండెపోటుతో వచ్చిన బ్లాక్ కావచ్చు. అటెనొలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ మాత్రలు, కిడ్నీ రోగుల్లో పెరిగే పొటాషియం కూడా బ్లాక్ తెస్తాయి. పచ్చగన్నేరు గింజల విషమూ అంతే. పిల్లలు ఆ కాయ నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా డాక్టరుకు చెప్పాలి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, పాత ఈసీజీలు వెంట ఉంచుకోండి. ఈసీజీ కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, లామినేషన్ చేయిస్తే నల్లబడిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించండి, లేదా అడుగు పట్టీ మొత్తం వచ్చేలా ఫోనులో ఫొటో తీసుకోండి.