ఎర్రమట్టి పెరట్లో టమాటాకి శెనక్కాయ పొట్టు కప్పాక

మాది అనంతపురం. ఏప్రిల్ వచ్చిందంటే పెరట్లో పొద్దున తడిపిన మట్టి మధ్యాహ్నానికే పెచ్చుకట్టేది, టమాటా కాయల అడుగు నల్లగా కుళ్ళేది. మందు కొట్టమన్నారు గానీ అది తెగులు కాదు, తేమ ఓసారి ఎక్కువై ఓసారి తగ్గితే కాయకి కాల్షియం సరిగా అందక వచ్చే బాధ.

పాదులు బాగా తడిపి, శెనక్కాయ పొట్టు (మా వైపు దానికేం కొదవ), రాలిన వేపాకు కలిపి 3 అంగుళాల మందాన పరిచేశాను. పొడి నేల మీద కప్పితే పెద్దగా లాభం లేదు. మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి, ఆనించి పోస్తే కాండం కుళ్ళుతుంది, చెదలూ ఎక్కుతాయి. రంపం పొట్టు మాత్రం మట్టిలో కలపకండి, అది కుళ్ళేటప్పుడు నత్రజని లాగేసుకుని ఆకులు పసుపెక్కుతాయి.

ఇప్పుడు రోజు విడిచి రోజు నీళ్ళు చాలు. పొట్టు పక్కకి తోస్తే కింద మట్టి చల్లగా, వేలు పెడితే దిగిపోయేలా ఉంది, వానపాములు వదిలిన చిన్న చిన్న ఉండలు కూడా. కొత్త కాయలు అడుగు దాకా శుభ్రంగా ఉన్నాయి. గరిక ఒక్కటే దీనికి లొంగలేదు, వేళ్ళతో సహా పీకాల్సిందే. వానలు మొదలయ్యాక నత్తలు చేరితే పొర కాస్త పలచన చేసుకోండి.