ఊడ్నడాటా ట్రాక్: పిల్లలతో, మామగారితో, ఫోర్ వీల్ డ్రైవ్‌లో

అడిలైడ్‌లో ఉండే మన తెలుగువాళ్ళు సెలవులొస్తే మెల్‌బోర్న్ వైపో, గోల్డ్ కోస్ట్ వైపో చూస్తారు గాని ఉత్తరానికి పోరు. "అక్కడేముంది, మట్టి తప్ప" అంటారు. నిజమే, మట్టే. ఆ మట్టిలోకి పిల్లల్ని ఎలా తీసుకెళ్ళాలో అడిగిన ప్రతివాళ్ళకీ ఫోన్లో చెప్పలేక ఇది రాస్తున్నాను. చెప్పేది ఒక్క ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టిరోడ్డు గురించే. సింప్సన్ ఎడారి సంగతి వేరు. దానికి పర్మిట్ కావాలి, ఇసుక దిబ్బలు ఎక్కించడం చేతనవ్వాలి, ఒక్క బండితో పోకూడదు. మొదటిసారి బయల్దేరే కుటుంబానికి ఊడ్నడాటా ట్రాకే సరి.

మారీ అనే చిన్న ఊరి నుంచి ఊడ్నడాటా మీదుగా మార్లా దాకా సుమారు 620 కి.మీ. మట్టిరోడ్డు ఇది. మారీ నుంచి విలియం క్రీక్ 200 పైచిలుకు, అక్కణ్ణుంచి ఊడ్నడాటా మరో 200, ఆపైన మార్లా ఇంకో 210. డీజిలు ఈ నాలుగు చోట్లే. మధ్యలో ఏమీ ఉండదు. రోజుకి ఒక ముక్క, అంతే. ఒక్కరోజులో కొట్టేసేవాళ్ళున్నారు, వాళ్ళ బండిలో పదేళ్ళలోపు పిల్లలుండరు. మేం మారీ–విలియం క్రీక్ ముక్కని కూడా రెండుగా విరిచి, మధ్యలో కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో గుడారం వేస్తాం. మొత్తం ప్లానులో ఒక రోజు ఖాళీగా వదిలేయండి. అది వాన కోసం. తర్వాత చెప్తాను.

ఎప్పుడు పోవాలన్నదానికి ఊడ్నడాటాయే జవాబు. 1960 జనవరి 2న అక్కడ 50.7 డిగ్రీలు నమోదైంది. ఆస్ట్రేలియాలో అంతకు మించిన ఎండ ఇప్పటికీ రికార్డుల్లో లేదు, 2022లో పశ్చిమాన ఆన్స్‌లో అనే ఊరు దాన్ని అందుకుంది గాని దాటలేదు. ఇక్కడ జనవరి ఎండాకాలం కాబట్టి మే నుంచి ఆగస్టు చివరి వరకే. జులై స్కూలు సెలవులు బాగా కుదురుతాయి, క్యాంపులు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. పగలు హాయిగా ఉంటుంది గాని రాత్రి సున్నా దగ్గరికి దిగిపోతుంది. ఎడారి కదా అని పల్చటి దుప్పట్లతో వెళ్ళారో, తెల్లారేదాకా పళ్ళు కొట్టుకుంటూ కూర్చోవాల్సిందే.

టైర్లలో గాలి

మా మామగారు కడప జిల్లాలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఆయన్నీ ఎక్కించుకుని పోయాం. తారు అయిపోయిన చోట బండి ఆపి, నేను వాల్వు మూతలు తీసి గాలి వదులుతుంటే ఆయన కిందికి దిగొచ్చి, "అమ్మాయ్, ఏం చేస్తున్నావు? గాలి తక్కువైతే టైరు తినేస్తుంది గదమ్మా" అన్నారు. బస్సు నడిపిన మనిషికి అంతకన్నా పాపం ఇంకోటుండదు.

ఆయన చెప్పింది తారు రోడ్డుకి నిజం. ఇక్కడ కింద ఉన్నవి గిబ్బర్ రాళ్ళు, అంచు తగిలితే కోసుకుపోయే రకం. గట్టిగా ఉబ్బిన టైరు రాయిని ఢీకొని చిరుగుతుంది. కాస్త మెత్తబడిన టైరు రాయి మీద వంగి, దాన్ని మింగి, దాటేస్తుంది. నేలకి ఆనే భాగం పొడవవుతుంది కాబట్టి పట్టు కూడా పెరుగుతుంది. తారు మీద గాలి ఒత్తిడి 38 పీఎస్ఐ ఉంటే మట్టిలో 28కి దించుతాను. బరువుని బట్టి, టైరుని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ.

దీని రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. గాలి తగ్గించి వేగం తగ్గించకపోతే మామయ్య అన్నదే జరుగుతుంది. మెత్తటి టైరు పక్కగోడ తిరిగే ప్రతిసారీ వంగి లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వంగడం వేడిగా మారుతుంది, వేడి టైరుని లోపల్నుంచి చీలుస్తుంది. అందుకే 80 దాటొద్దు. గంట నడిపాక దిగి గేజ్ పెట్టండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టినదానికి 6 పీఎస్ఐ లోపు పెరిగితే ఫరవాలేదు, అంతకు మించితే మీరు వేగంగా పోతున్నట్టు, లేదా గాలి మరీ తక్కువైనట్టు. కౌవర్డ్ స్ప్రింగ్స్ చేరాక మామయ్య నాలుగు టైర్లకీ అరచెయ్యి ఆనించి చూసి, వెనక ఎడమది కాస్త ఎక్కువ వేడిగా ఉందన్నారు. గేజ్ పెడితే నిజమే, మిగతావాటి కన్నా రెండు తక్కువుంది. ఆ తర్వాత ట్రిప్పంతా గేజ్ ఆయన జేబులోనే ఉంది.

టైర్లు తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం ఉండాలి. ఒక స్టెప్నీ చాలదు, రెండు పెట్టుకోండి. పంక్చర్ ప్లగ్గుల డబ్బా, 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి. జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క ముక్క కూడా. మెత్తటి నేలలో జాకీ బండిని ఎత్తదు, తనే కిందికి దిగిపోతుంది.

రోడ్డు మీద అడ్డంగా వరసగా లేచిన చిన్న చిన్న గట్లుంటాయి. వాటి మీద దడదడలాడుతూ బోల్టులు వదులవుతాయి. రోజూ సాయంత్రం వీల్ నట్లు, రూఫ్ రాక్ బిగింపులు, బ్యాటరీ క్లాంపు ఒకసారి చూసుకోండి. ఎదురుగా బండి వస్తే ఎడమకి తప్పుకుని, వేగం బాగా తగ్గించండి. అవతలివాడి రాళ్ళు మీ అద్దానికి తగిలే జోరులో సగం మీ వేగమే. రోడ్ ట్రైన్ అంటే ట్రైలర్లు వరసగా తగిలించిన లారీ, పొడవు 50 మీటర్లు దాటేవి కూడా ఉంటాయి. దాన్ని ధూళిలో ఓవర్‌టేక్ చేసే ఆలోచనే పెట్టుకోకండి. బండి నుంచి బండికి మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియోలో 40వ ఛానల్లో మాట్లాడితే డ్రైవరే దారి చెప్తాడు. లేదంటే టీ తాగడానికి ఇదే మంచి సమయం.

ధూళి లోపలికి రాకూడదంటే అందరూ చేసేదానికి తలకిందులుగా చెయ్యాలి. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఆపేసి, బయటి గాలిని ఫిల్టర్ ద్వారా లాగుతూ ఫ్యాన్ ఎక్కువలో పెట్టండి. లోపల గాలి ఒత్తిడి కాస్త పెరిగి, తలుపుల సందుల్లోంచి ధూళి రాదు. ఎదురు బండి దాటే నిమిషం మాత్రం మూసుకోవచ్చు.

బండి, బరువు

మాది పాత ప్రాడో డీజిల్. 150 లీటర్ల ట్యాంకు, నిండా సామానుతో 100 కి.మీ.కి 12, 13 లీటర్లు తాగుతుంది. ఈ ట్రాక్‌కి జెర్రీ క్యాన్లు మాకు అక్కర్లేదు. చిన్న ట్యాంకు ఉన్నవాళ్ళు ఒక 20 లీటర్ల క్యాను బయట కట్టుకోండి, లోపల పిల్లల దగ్గర వద్దు. ప్రతి బంకులోనూ నింపుకోండి, ధర చూసి వదిలేయకండి. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి ఇంధనం ఉందో లేదో అడగడం నా అలవాటు.

షాపులవాళ్ళు అమ్మే వస్తువుల కన్నా బరువే పెద్ద సమస్య. అయిదుగురు మనుషులు, నిండు ట్యాంకు, నీళ్ళ క్యాన్లు, ఫ్రిజ్, గుడారం కలిస్తే బండి మోయగల హద్దు తెలియకుండానే దాటేస్తుంది. ఒకసారి వే బ్రిడ్జి మీద తూయించండి. రూఫ్ మీద ఎంత పెట్టొచ్చో హ్యాండ్‌బుక్కులో ఉంటుంది, అక్కడ తేలిక వస్తువులే, పరుపులు, కుర్చీలు. అద్దె బండి అయితే కాంట్రాక్టు చదవండి. మట్టిరోడ్డు మీదికి పోతే ఇన్సూరెన్సు చెల్లదని చాలా వాటిలో రాసి ఉంటుంది.

ఇసుకలోనో బురదలోనో కూరుకుపోతే ముందు టైర్ల చుట్టూ పారతో తవ్వండి, టైర్ల కింద పట్టు కోసం రికవరీ బోర్డులు పెట్టండి, గాలి ఇంకా తగ్గించండి. సగం సార్లు దీంతోనే బయటపడతారు. ఇంకో బండితో లాగించాల్సి వస్తే పట్టీని రేటెడ్ రికవరీ పాయింటుకే, అంటే లాగడానికి ఎంత బరువు ఆగుతుందో లెక్కకట్టి బిగించిన కొక్కేనికే తగిలించండి. ట్రైలర్ తగిలించే టో బాలుకి ఎప్పటికీ తగిలించకండి. ఆ గుండు విరిగి తుపాకీ తూటాలా వచ్చి మనుషులు చనిపోయారు ఈ దేశంలో. సాయం చేసేవాళ్ళు మొహమాటపెట్టినా సరే, వద్దనండి. లాగేటప్పుడు పిల్లలు పట్టీకి దూరంగా, పక్కగా ఉండాలి.

వాన, నీళ్ళు, ఫోను

నాలుగు చినుకులు పడితే ఈ మట్టి సబ్బులా అవుతుంది. దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం అవుట్‌బ్యాక్ రోడ్ల పరిస్థితి రోజూ ప్రకటిస్తుంది. మూసిన రోడ్డు మీద నడిపితే జరిమానా పెద్దదే. అంతకన్నా పెద్దది, తడి మట్టిలో మీరు వేసిన గాడి ఎండాక గట్టిపడి, తర్వాత వచ్చేవాళ్ళకి నెలల తరబడి నరకం చూపిస్తుంది. ఖాళీ రోజు ఉంచుకోమన్నది ఇందుకే. సోమవారం ఆఫీసుకి పోవాలన్న తొందరే మనుషుల్ని తడి రోడ్డు మీదికి తోస్తుంది. మేనేజరుకి ముందే చెప్పి పెట్టుకోండి.

నీళ్ళు మనిషికి రోజుకి 10 లీటర్లు లెక్క వేస్తాను, వంటకీ కడుగుడికీ కలిపి. ఒక్క పెద్ద డబ్బాలో కాదు, నాలుగైదు క్యాన్లలో, ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. ఇది పిల్లలకి కూడా ముందే చెప్పాలి. ఆకాశం నుంచి వెతికేవాళ్ళకి కారు కనిపిస్తుంది, నడిచే మనిషి కనిపించడు.

ఊళ్ళు దాటితే ఫోను పనిచేయదు. శాటిలైట్ ఫోను అద్దెకి దొరుకుతుంది. అది లేకపోయినా పీఎల్‌బీ ఉండి తీరాలి, అరచేతిలో పట్టే, ఆపదలో సిగ్నల్ పంపే బీకన్ అది. ఉచితంగా రిజిస్టరు చేసుకోవాలి, అప్పుడు ఎవరిని వెతకాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో వెతికేవాళ్ళకి తెలుస్తుంది. బయల్దేరే ముందు ఎవరో ఒకరికి రోజువారీ ప్లాను రాసిచ్చి, ఫలానా సాయంత్రంలోగా మా నుంచి మెసేజ్ రాకపోతే పోలీసులకి చెప్పమనండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే బీపీ, షుగరు మాత్రలు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి, వాళ్ళ ఇన్సూరెన్సులో మారుమూల నుంచి ఆసుపత్రికి తరలింపు ఉందో లేదో చూడండి. 1928లో మొదలైన, విమానంలో వచ్చి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు ఇప్పటికీ ఈ ఊళ్ళకి దిక్కు.

సాయంత్రం నాలుగుకల్లా బండి ఆగిపోవాలి. చలికాలం అయిదున్నర దాటేసరికి చీకటి, ఆ సందెవేళే కంగారూలు రోడ్డెక్కుతాయి. పశువులకి కంచెలుండవు. గేటు మూసి ఉంటే మూసే పోండి, తెరిచి ఉంటే తెరిచే వదిలేయండి. పశువులు నీళ్ళు తాగే చోట గుడారం వేయకండి, మనుషుల్ని చూసి అవి దగ్గరికి రాక దాహంతో తిరుగుతుంటాయి.

తిండి

వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవలసింది: దక్షిణ ఆస్ట్రేలియా బోర్డరులో పండ్ల ఈగ తనిఖీలుంటాయి. పండ్లే కాదు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, వంకాయలు కూడా తేకూడదు. అడిలైడ్‌లోనో పోర్ట్ అగస్టాలోనో కొనుక్కోండి.

మొదటిరోజుకి పులిహోర. తర్వాతికి ఉడికించిన చింతపండు గుజ్జు ఒక సీసా, వేయించిన ఉప్మా రవ్వ, కందిపొడి, ఆవకాయ, ఊరమిరపకాయలు. ఆవకాయ సీసాని రెండు కవర్లలో చుట్టి నిలువుగా పెట్టండి, ఆ గతుకులకి మూత దానంతటదే తిరుగుతుంది. మధ్యాహ్నం వంట పెట్టుకోవద్దు, ఈగలు అన్నంలోకి మనకన్నా ముందు దిగుతాయి. పొద్దు గుంకగానే ఎక్కడికో పోతాయి. కాబట్టి వేడన్నం రాత్రికే. తలకి వేసుకునే ఈగల వలలు బయల్దేరే ముందే ఊళ్ళో కొనండి.

పిల్లలు విసుక్కోకుండా

నీళ్ళ వల్లే ఈ దారి పుట్టింది. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భ నీటి నిల్వ ఇక్కడ ఊటలుగా పైకొస్తుంది. ఈ నేల ఆదివాసులైన అరబానా ప్రజలు తరతరాలుగా ఆ ఊటల వెంట నడిచారు. అదే వరసలో 1872లో టెలిగ్రాఫ్ తీగ వచ్చింది, తర్వాత ఆవిరి ఇంజన్లకి నీళ్ళు కావాలి కాబట్టి ఘాన్ అనే రైలూ అటే వచ్చింది. 1980లో ఆ లైను మూసేశారు. అందుకే ప్రతి కొద్ది దూరానికి దిగి చూడ్డానికి ఏదో ఒకటుంటుంది, పాత స్టేషనో, ట్యాంకో, వంతెనో.

మారీలో ఒంటెలు తోలినవాళ్ళు కట్టుకున్న మట్టి మసీదుకి నమూనా ఉంది. వాళ్ళందరినీ ఆఫ్ఘన్లనేవారు గాని చాలామంది అప్పటి హిందుస్థానం వైపు నుంచి వచ్చినవాళ్ళే. మామయ్య అక్కడి నుంచి ఓ పట్టాన కదల్లేదు. మారీ నుంచి 130 కి.మీ. దగ్గర బబ్లర్ అనే ఊట ఉంది, బురద అడుగు నుంచి బుడగలు గుబగుబమంటూ లేస్తాయి. మా చిన్నది వాటిని లెక్కపెడుతూ చెక్కబాట మీదే కూర్చుండిపోయింది. కాటి తండా అనే ఐర్ సరస్సు సముద్రమట్టానికి 15 మీటర్లు కింద ఉంటుంది. ఒడ్డునుంచే చూడండి, లోపలికి దిగవద్దని అరబానా వాళ్ళ మాట. మనసు ఆగకపోతే విలియం క్రీక్‌లో చిన్న విమానం ఎక్కొచ్చు. ఊడ్నడాటాకి ముందు ఆల్జెబకినా వంతెన 578 మీటర్లు. కింద నది సాధారణంగా గుంటలు గుంటలుగానే ఉంటుంది.

మార్లాలో తారు ఎక్కే ముందు గాలి మళ్ళీ 38కి కొట్టండి, నాలుగు టైర్లకీ అరగంట పడుతుంది. నట్లు బిగించి, ప్లాను రాసిచ్చినవాళ్ళకి అక్కడే మెసేజ్ పెట్టండి. ఇంటికొచ్చాక ఇంజను ఎయిర్ ఫిల్టరు దులపకండి, కొత్తది వేయించండి. కిందిభాగం నీళ్ళతో కడిగించేటప్పుడు బంపరు సందులో గడ్డి ఇరుక్కుందేమో చూడమనండి, ఎగ్జాస్టు వేడికి అది అంటుకుంటుంది.